పాస్టరమ్మగారి కొత్త టోపీ

ఒజెల్లా గాడ్స్‌డెన్ చేతి టోపీలు లేకుండా అమెరికాలోని సవానాలో ఆ నల్లవాళ్ళ చర్చికి ఈస్టర్ వచ్చేది కాదు. ఆవిడకో పట్టింపు ఉండేది: ఆ ఆదివారం ఏ రెండు తలల మీదా ఒకేలాంటి టోపీ కనిపించకూడదు. ఎవరి జుట్టు ఎంత ఒత్తు, ఎవరు కొప్పు పైకి కడతారు, ఎవరికి నుదురు దాచుకోవాలని ఉంటుంది, అన్నీ ఆవిడకు కంఠతా.

ఈ పని సరదాకి నేర్చుకోలేదు. పదకొండేళ్ళప్పుడు తల్లి వెంట పెద్ద బజారులోని కొట్టుకు వెళ్ళింది. నల్లవాళ్ళు అక్కడ టోపీ కొనుక్కోవచ్చు గానీ, తలమీద పెట్టి చూసుకోకూడదు. తల్లి ముచ్చటపడి ఒకటి పెట్టుకుంది. అమ్మే తెల్లావిడ దాన్ని రెండు వేళ్ళతో లాగి, వాళ్ళ కళ్ళముందే చెత్తడబ్బాలో పడేసింది. తల్లి మళ్ళీ ఏ టోపీ జోలికీ పోలేదు. ఒజెల్లా మాత్రం పాత టోపీలు విప్పి చూసి, వాటిని వంచే కెటిల్ ఆవిరి మీద వేళ్ళు కాల్చుకుంటూ పని నేర్చుకుంది.

పందొమ్మిదివందల అరవైలో కుర్రకారు ఆ కొట్ల ముందు ధర్నాకు దిగితే, నినాదం రాసిన అట్ట పట్టుకుని నిలబడిన మొదటి ఆడవాళ్ళలో ఒజెల్లా ఒకతె. ఆ కొట్లు దారికొస్తే తన బేరం ఏమవుతుందో తెలియనంత అమాయకురాలేం కాదు. పక్కనే నిలబడ్డ పాస్టరుగారి భార్య, పాస్టరమ్మ లర్లీన్ మంగిన్‌తో ఆ మాట నవ్వుతూనే అంది. పాస్టరమ్మ ఆవిడ మోచేయి పట్టుకుంది.

"పిచ్చిదానా, ఆ తలుపులు తెరిపించేది మన పరువు కోసం. నా నెత్తిమీద మాత్రం చచ్చేదాకా నీ చేతి టోపీయే."

పదిహేను నెలలు నిలబడ్డారు. గుడ్లు పడ్డాయి, ఉమ్ములు పడ్డాయి. చివరికి కొట్లు దిగొచ్చాయి.

ఆ మరుసటి ఈస్టర్‌కు ఒజెల్లా గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. ఏటా ఫిబ్రవరికే వరస కట్టేవాళ్ళు. ఆలస్యంగా వస్తారులే అనుకుంది. పాస్టరమ్మ కూడా రాకపోయేసరికి, ఒంట్లో బాగాలేదేమోనని తనకు తానే సర్దిచెప్పుకుని, అడక్కపోయినా ఆవిడ కొలతకు లేత ఊదారంగు టోపీ ఒకటి కుట్టింది.

పండగ పొద్దున దాన్ని పెట్టెలో పెట్టుకుని చర్చిలో అడుగుపెట్టింది. ఎటు చూసినా కొట్టు టోపీలే. ఒకే వరసలో ముగ్గురికి ఒకేలాంటి గులాబీరంగు టోపీలు, ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు. ఇంకో రోజైతే ఒజెల్లా కడుపుబ్బా నవ్వేది. ముందు వరసలో పాస్టరమ్మ తలమీద పసుపురంగుది, అదీ కొట్టుదే. ఒజెల్లా పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది గానీ ప్రసంగంలో ఒక్క ముక్క చెవికెక్కలేదు. నా వాళ్ళే నన్ను ముంచారు అనుకుంది. అందరూ పాటకు లేచినా తను లేవలేదు.

ఆరాధన అయ్యాక పాస్టరమ్మే దగ్గరికొచ్చింది. కొట్టు టోపీలు తమ జుట్టు చూసి కుట్టినవి కావు కదా, అది పక్కకు జారిపోతోంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని గొంతు తగ్గించింది.

"సిస్టర్, ఇది నిలబడి చావడం లేదు. లోపల నాలుగు కుట్లు వేసి పెడుదూ."

"కొట్లో పెట్టుకుని చూసుకోలేదా?"

"చూసుకున్నాను. అందరం కలిసే వెళ్ళాం. కుర్చీ వేసి, అద్దం తిప్పి మరీ చూపించారు. ఒక్కొక్కరం కళ్ళు తుడుచుకున్నాం. నీకు చెబితే బాధపడతావని..."

ఒజెల్లా తన పెట్టె మూత బిగించింది.

"నా బాధ మీరు కొన్నందుకు కాదు, పాస్టరమ్మా. ఆ కుర్చీ కోసం నేనూ నిలబడ్డాను. అందరూ వెళ్ళేటప్పుడు నన్నూ రమ్మనాల్సింది. నేనూ వచ్చి కూర్చునేదాన్ని."

సూదీ దారం ఎప్పటిలాగే ఒజెల్లా చేతిసంచిలోనే ఉన్నాయి. ఆవిడ తీయలేదు. పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది.