నవలల్లో టీబీ, నా ఒంట్లో టీబీ

పుస్తకం పట్టుకుని నిద్రపోయే అలవాటు నాకు లేదు. అలాంటిది ఆ మధ్యాహ్నం, మోత్కూరులో మా ఇంటి ముందు గదిలో, నవల రెండో పేజీ తిరగకముందే కుట్టుమిషన్ మీద తలవాల్చి పడుకున్నాను. లేచేసరికి ఒళ్లంతా చెమట. దగ్గు అప్పటికే చాలా రోజులుగా ఉంది. ఊళ్లో ఆడవాళ్లందరి కొలతలు తీసేదాన్ని, నా జాకెట్టు వదులైన సంగతి మాత్రం చూసుకోలేదు. మా ఆయనే చూశాడు.

"గా జాకెట్టు నీదేనా, ఇంకెవలదన్న తొడుక్కున్నవా? నడువు, దవాఖానకు పోదాం."

ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్షకు పంపారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "టీబీ అమ్మా. ఫికర్ జెయ్యకు, ఆరు నెలలు గోలీలు మింగితే నయమైతది" అని ఇంకా ఏవేవో జాగ్రత్తలు చెప్పింది. నా చెవికి ఎక్కింది 'టీబీ' ఒక్కటే.

ఎందుకంటే టీబీ నాకు బాగా తెలుసు. లైబ్రరీ నుంచి తెచ్చుకునే పాత నవలల్లో ఎన్నిసార్లు చూడలేదు! మొదట దగ్గు, తర్వాత రుమాలులో రక్తం, ఆఖరి పేజీలో చావు. ఒంట్లో బాగున్నప్పుడు అవి చదివి హాయిగా ఏడ్చి, ముక్కు చీదుకుని, వంటకు లేచేదాన్ని. ఇప్పుడు పనిలేక మంచంలో పడి మళ్లీ అవే చదివాను. ఒక నవలలో తల్లి తన చిన్నబిడ్డను దగ్గరకు రానివ్వకుండానే పోతుంది. మాస్కు కట్టుకుని నేనూ నా బిడ్డను గుమ్మం అవతలే ఆపుతున్నాను. ఆ రాసినవాడి మీద ఒళ్లు మండి పుస్తకం విసిరికొట్టాను. కాసేపటికి నేనే వెళ్లి తెచ్చుకున్నాను.

గోలీలు మొదలుపెట్టాక మూత్రం ఎర్రగా రాసాగింది. రక్తమే అనుకున్నాను. ఒకరోజు గోలీ మానేసి చూస్తే మామూలుగా వచ్చింది. ఇంకేం కావాలి! గోలీలే నన్ను తినేస్తున్నాయని తేల్చుకున్నాను. మా ఆయన ముందు నోట్లో వేసుకోవడం, ఆయన అటు తిరగగానే ఉమ్మేయడం. చెబితే ఆయన ఎక్కడ బెదిరిపోతాడోనని చెప్పలేదు.

కొన్ని వారాలకు జ్వరం మళ్లీ ఎక్కింది. మళ్లీ దవాఖానకు వెళితే, డాక్టరమ్మ మొదట అడిగింది ఇదే.

"గోలీలు సక్కగ మింగుతున్నదా?"

"నా ముంగటనే మింగుతది మేడం" అన్నాడు మా ఆయన.

"మింగుతలేను మేడం" అన్నాను. ఎర్ర మూత్రం సంగతీ, నవలల సంగతీ అంతా కక్కేశాను.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "గోలీ రంగే గట్ల దిగుతదని మొదటి రోజే చెప్పిన గదమ్మా! నడుమల బంద్ జేస్తే మందుకు లొంగని టీబీ అయితది. మళ్ల కఫం సీబీనాట్ చేపిద్దాం, మందు పనిజేస్తదో లేదో గండ్లనే తెలుస్తది. రిపోర్టు వచ్చేదాక నేనేం చెప్పలేను."

రిపోర్టు కోసం బయట బల్ల మీద కూర్చున్నాం. మా ఆయన తిట్టినా బాగుండేది. "బిడ్డ ముఖం గూడ యాదికి రాలేదా నీకు?" అన్నాడు, అంతే. దాని ముఖమే యాదికొచ్చి గదా ఇంత చేసింది అనుకున్నాను.

డాక్టరమ్మ లోపలికి పిలిచి, రిపోర్టు రెండుసార్లు చదివింది. "నసీబు మంచిగుంది. మందు పనిజేస్తది." తర్వాత, "గా తల్లి సచ్చిపోయే నవల ఎప్పటిది?" అంది. మా అమ్మ పుట్టకముందు అచ్చయిందన్నాను.

"గా కాలంల గీ గోలీలే లెవ్వు. ఆమె మందు లేక సచ్చింది. నువ్వు మందు నోట్లె వెట్టుకొని సస్తవా?"

ఆ తర్వాత గోలీ మింగి, నోరు తెరిచి మా ఆయనకు చూపించేదాన్ని. ఆరు నెలలు మళ్లీ మొదటి నుంచి. చివరి పరీక్షలో కఫంలో ఏమీ లేదు. ఇప్పుడు మిషన్ నడుస్తోంది, జాకెట్టు మళ్లీ బిగుతైంది.

మందు వేసుకున్నాక ఒంట్లో ఏ వింత కనిపించినా, ఆ రోజే డాక్టరును అడగండి. దాచిపెడితే నాలాగే అవుతుంది.

మొన్న ఆ నవలే మళ్లీ తెచ్చుకున్నాను. ఈసారి కోపం రాలేదు. నా బిడ్డ నా ఒళ్లో తల పెట్టి నిద్రపోతోంది. నేను ఉమ్మేసిన గోలీలు ఆ తల్లికి అంది ఉంటే ఎంత బాగుండేదో అని ఏడ్చాను.