కోర్టు లేచేదాకా

ఆ రోజుల్లో మేడ్చల్ చుట్టుపక్కల బరాత్ ఊరేగింపు అంటే పెళ్లికొడుకు కంటే డీజేకే మర్యాద ఎక్కువ. మా బావ పెళ్లికి డీజే మాట్లాడింది నేనే. (డబ్బులు బావవి, గొప్పలు నావి.) గుండ్లపోచంపల్లి దగ్గర రోడ్డంతా ఆపేసి చిందులేస్తుంటే పోలీసులు దిగారు. "ఎవరిదిరా గీ డీజే?" అని ఎస్సై గద్దించాడు. తెలివైనవాళ్లంతా పక్కకు జరిగారు. నేను మాత్రం బహుమతి అందుకోవడానికి పిలిచినట్టు ముందుకొచ్చి, "నాదే సార్!" అన్నాను.

మరునాడు పొద్దున్నే కోర్టులో చిన్న కేసుల వరసలో నిలబడ్డాను. అదే మధ్యాహ్నం శామీర్‌పేటలో నా పెళ్లిచూపులు. ఫోటో చూసినప్పటి నుంచీ ఆ అమ్మాయే నా మనసులో ఉంది. ఈ సంబంధం తప్పిపోతుందేమోనని నిజంగానే ఏడుపొచ్చింది. తప్పు ఒప్పుకుంటే జరిమానా కట్టి పోవచ్చని వకీలు సాబ్ చెబితే ఒప్పుకున్నాను. మేజిస్ట్రేట్ గారు జరిమానా వేసి, "కోర్టు లేచేదాకా ఇక్కడే కూర్చో" అన్నారు. అంటే, సాయంత్రం ఆయన పని ముగించి లేచేదాకా అన్నమాట! కొడుక్కి శిక్ష పడిందని వరండాలో మా బాపు చొక్కా చేతులు పైకి మడిచాడు. "అప్పీల్ జేద్దాం! ఎంత పెద్ద కోర్టుకైనా పోదాం!" వకీలు సాబ్ తాపీగా, "తప్పు ఒప్పుకున్నంక అప్పీల్ ఏడిది పటేలా? ఉన్నా గూడ, మనం కాయిదాలు రాసేలోపే పిలగాని శిక్ష అయిపోతది" అన్నాడు. బాపు చొక్కా చేతులు కిందికి దించి, "అయితే జడ్జి సాబ్‌నే జర జల్దీ లెవ్వుమని అడుగుదాం" అన్నాడు. (వకీలు సాబ్ ఆయన్ని చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్లాడు.) ఆ రోజు మేజిస్ట్రేట్ గారు ఎంత శ్రద్ధగా పని చేశారో నాకే తెలుసు. ఆయన కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా నేను లేచి నిలబడేవాణ్ని, గుమాస్తా కళ్లురిమితే మళ్లీ కూలబడేవాణ్ని.

మేం శామీర్‌పేట చేరేసరికి పొద్దు వాలింది, బజ్జీలు చల్లారాయి, అమ్మాయి వాళ్ల నాయిన ముఖం మాడిపోయింది. "ఇంతసేపు ఏడికి పోయిన్రు?" అన్నాడాయన. "బండి ఖరాబై..." అని బాపు మొదలుపెట్టాడు. నాకప్పటికే ఒప్పుకోవడం అలవాటైంది కాబట్టి ఉన్నదంతా చెప్పేశాను. తలవంచుకు కూర్చున్న అమ్మాయి మెల్లగా, "నిజంగనే 'నాదే సార్' అన్నరా?" అని అడిగి, పక్కున నవ్వింది. ఆ నవ్వు చూశాక వాళ్ల నాయిన చల్లారిన బజ్జీల పళ్లెం నా వైపు జరిపాడు.

మొన్న మా సందులోకి ఓ బరాత్ వచ్చింది. కిటికీ అద్దాలు అదురుతుంటే పోలీసులకు ఫోన్ చేయబోయాను. (అవును, నేనే.) వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసింది. "ఫోన్ కింద పెట్టుండ్రి. గా డీజే తెచ్చినోనికి రేపు పెళ్లిచూపులున్నయో ఏమో, పాపం!"

పెట్టేశాను. అదేం పాటో నాకు తెలియదు గానీ, కుర్చీ కింద నా కాలు మాత్రం ఆడుతూనే ఉంది.