మట్టవ్వని ఆకులు

మా ఆవిడ దినానికి వెయ్యిమంది వచ్చారు. ముంచింగిపుట్టు వైపు నుంచి జీపుల మీద జీపులు, కొండదారి పొడుగునా జనం.

రాసి చదువుకుంటే నాకే నవ్వొస్తోంది. మా ఊరే పాతిక గడప. అటూ ఇటూ రెండూళ్ళ వాళ్ళు, దగ్గర చుట్టాలు, పిలవకపోయినా వచ్చే కుక్కలు. జీపు ఒక్కటే వచ్చింది, అదీ మా అబ్బాయిది. ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు చెబితే పిల్లలు నిద్రపోతారు. అందుకని ప్రతిదానికీ కాస్త నీళ్ళు కలిపి చెప్పడం అలవాటైంది. మనిషి పోయినా ఆ అలవాటు పోలేదు.

ఆ రోజు నాకేమీ అనిపించలేదు. వచ్చినవాళ్ళు ఏడుస్తుంటే, పొయ్యి దగ్గర పొగ ఎక్కువైందేమో అనుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడ జీవితమంతా అడ్డాకు కుట్టింది. అడవిలో అడ్డతీగ పాకిన చోటల్లా తిరిగి ఆకు కోసుకొచ్చి, వెదురు పుల్లలతో విస్తళ్ళు కుట్టి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు పంపేది. మైదానం నుంచి వచ్చిన షావుకారు కొనుక్కుని కిందికి పంపేవాడు. ఎక్కడెక్కడి పెళ్ళిళ్ళలోనో మా ఆవిడ కుట్టిన ఆకుల్లో భోంచేశారు.

ఆవిడ దినానికి మాత్రం మా అబ్బాయి అదే షావుకారు కొట్లో కాగితం ప్లేట్లు కొనుక్కొచ్చాడు. పచ్చరంగు, మీద ఆకు ఈనెలు అచ్చేసి ఉన్నాయి. లోపలివైపు ప్లాస్టిక్ పొర, నీళ్ళు పోస్తే జారిపోతుంది.

మా వదిన, అంటే మా ఆవిడ అక్క, కొండకవతల ఊరి నుంచి నడిచి వచ్చింది. భర్త ఎప్పుడో పోయాడు. కొండవాలు మీద చోడిచేను, అంటే రాగిచేను, ఒకటి ఉంది, ఒక్కతే చేసుకుంటుంది. వడ్డించిన ప్లేటు ముందు కూర్చుని, వంగి వాసన చూసింది.

"ఏటిదీ ఆకు? ఏ సెట్టుది?"

"బజారు సెట్టుది పెద్దమ్మా," అన్నాడు మా అబ్బాయి.

"వేడన్నం ఏసినా వాసన రాదేటి?"

"వాసనొస్తే కడగాల. ఇది కడగక్కర్నేదు. తినీసి పారీడమే."

వదిన ప్లేటు దగ్గరికి లాక్కుంది. తిన్నది.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. ఈ కొండల్లో అందరూ పాటించేదని గొప్పగా మొదలుపెడదామనుకున్నాను. అంతేం లేదు. మా అత్తవారి ఇంటి మనుషులు మాత్రమే పాటిస్తారు. దినం నాడు తిన్న విస్తళ్ళన్నీ ఊరి చివర ఒకచోట పోగు పెడతారు. ఆ ఆకులు మట్టయ్యేదాకా పోయిన మనిషి ఊరు దాటదని వాళ్ళ నమ్మకం. అందాకా తోబుట్టువు ఒకరు ఆ ఇంట్లోనే తోడుండాలి. ఆకు మట్టయ్యాక అందులో పిడికెడు తీసుకెళ్ళి తన చేలో చల్లుకుంటే, పోయినవాళ్ళు పోయినట్టు, ఉన్నవాళ్ళు తమ పని మొదలెట్టినట్టు. అడ్డాకు ఎంతలో మట్టవుతుంది! తొలకరి పడితే నల్లబడుతుంది, మెత్తబడుతుంది, పురుగు పడుతుంది, చోడి నారు పోసే వేళకి ఆనవాలు ఉండదు. మా అత్త పోయినప్పుడు అలాగే అయింది.

వదిన ఉండిపోయింది. వానలు మొదలయ్యాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి పోగు చూసి వచ్చేది.

"ఎలాగుంది?" అని అడిగేవాణ్ణి.

"పచ్చగుంది," అనేది.

వాన తగిలేకొద్దీ అడుగు కాగితం కొంత నాని ఊడిపోయింది. అచ్చు ఈనెలతో ఉన్న పల్చటి పొర మాత్రం కడిగినట్టు మెరుస్తూ మిగిలింది. నారు పోసే కాలం వచ్చింది, పోయింది. వదిన చేలో పక్కింటివాళ్ళు నాట్లు వేశారని కబురొచ్చింది. వింటూ ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"నాట్లు ఆళ్ళే ఏసీనారు. కోత కూడా ఆళ్ళే కోసీసేరనుకో మరిదీ, ఆ సేను నాదని ఎవురంటారు?"

"అయితే వెళ్ళు వదినా. నేనున్నాను కదా ఇక్కడ."

"నువ్వుంటే ఏటి? దానికి తోడు నాను కదేటి. దాన్నొగ్గీసి ఎలాగెల్తాను?"

మా అబ్బాయి కిరోసిన్ డబ్బా తెచ్చాడు. కాల్చేస్తే ఒక్క పూటలో అయిపోతుందన్నాడు. వదిన గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. "ఒకసారి కాల్సినారు సాలు," అంది. వాడు డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు నేనొక పని చేశాను. మా ఊరి కొండవాగు, గెడ్డ, పొంగుతున్న రోజున, తెల్లారకుండా లేచి, పోగంతా గోనెసంచుల్లోకి ఎత్తి మోసుకెళ్ళి నీళ్ళలో వదిలేశాను. పచ్చటి ప్లేట్లు గిరగిరా తిరుగుతూ వెళ్ళిపోయాయి. చూస్తూ నిలబడ్డాను. బడి వదిలాక పిల్లలు వెళ్ళిపోతుంటే చూసినట్టు అనిపించిందని రాస్తే బాగుంటుంది. ఏమీ అనిపించలేదు. కాళ్ళు తడిశాయి, అంతే.

ఇంటికొచ్చి, పోగు ఉన్న చోటి నల్లమట్టి పిడికెడు వదిన చేతిలో పోశాను.

"అయిపోయింది వదినా. రాత్రి వానకి మొత్తం మట్టయిపోయింది. బేగి బయల్దేరు, కోత వేళకి అందుతావు."

ఆవిడ మట్టి వాసన చూసింది. కొంగున ముడి వేసుకుంది. వెళ్ళేముందు అంట్లు తోమిపెడతానని గిన్నెలు పట్టుకుని గెడ్డకు పోయింది. వచ్చేటప్పుడు గిన్నెల మీద పచ్చటి ప్లేటు ఒకటి బోర్లించి తెచ్చింది. రాళ్ళ సందున ఇరుక్కుని ఉందట. నా ముందు పెట్టింది.

"బడి గుంటలకి అబద్దాలు సెప్పీసి జీతం తిన్నావు. నాకు సెప్తే ఏటొత్తాది నీకు?"

కొంగు ముడి విప్పి మట్టి వాకిట్లో దులిపేసింది.

వరద తీశాక ఇద్దరం గెడ్డలో దిగాం. మైళ్ళకు మైళ్ళు వెతికామని రాయాలని చెయ్యి లాగుతోంది. మోకాళ్ళు ఒప్పుకోలేదు, కింది మడుగు దాకా వెళ్ళాం. చెట్ల వేళ్ళకి, రాళ్ళకి, పంది తవ్విన గట్టుకి మా ప్లేట్లు అంటుకుని ఉన్నాయి. వాటితోపాటు మావి కానివీ ఉన్నాయి. చిప్స్ పాకెట్లు, షాంపూ సాచెట్లు, నలిగిన నీళ్ళ సీసాలు, గుట్కా పొట్లాలు. పైన రోడ్డు మలుపులో నిరుడు ఒలిసె చేల పసుపు పూల దగ్గర ఫోటోలు తీసుకున్నవాళ్ళు వదిలినవి కొన్ని, మా ఊరి కొట్లో కొన్నవి కొన్ని. వదిన ఒక్కొక్కటే తీసి చూస్తోంది.

"ఇయన్నీ ఎవురి దినాలు మరిదీ?"

నేను సంచి మూతి తెరిచి పట్టుకున్నాను. ఆవిడ తన చెల్లెలివేవో కానివేవో విడదీయడం మానేసి అన్నీ సంచిలో వేసింది.

కడిగి, కంచె మీద ఆరేసి, మా అబ్బాయి జీపులో కిందికి పంపాం. సాయంత్రానికి సగం వెనక్కొచ్చాయి. పాత సామాన్లు కొనేవాడు సీసాలు తీసుకున్నాడట. ప్లేట్లు చూసి, కాగితానికి ప్లాస్టిక్ అంటించినవి, అన్నం మరకలున్నవి ఎవరూ కరిగించరని, ఊరికే ఇచ్చినా వద్దన్నాడట. చిప్స్ పాకెట్లూ అంతేనట.

"మరి ఎవురు తీసుకుంతారు?" అంది వదిన.

"ఎవురూ తీసుకోరు పెద్దమ్మా. అమ్మీవోడున్నాడు, తీసుకునీవోడే లేడు."

ఆ సంచి పశువుల పాకలో వాసానికి వేలాడదీశాం.

ఒలిసె పువ్వు విచ్చింది. లోయంతా పసుపు. చోడి వెన్ను తిరిగిందని వదిన ఊరి నుంచి మరో కబురొచ్చింది. ఆ మధ్యాహ్నం ఆవిడ మా ఇంటి అటక వైపు చూస్తూ కూర్చుంది.

"ఆ కట్టలు ఎవురియి?"

"నీ చెల్లెలివే."

"ఎప్పుడు కుట్టినాది?"

"మంచం పట్టక ముందు."

"దినం నాడు అక్కడే ఉన్నాయేటి?"

ఉన్నాయి. ఇంతకుముందు ప్లేట్లు మా అబ్బాయి కొన్నాడని రాశాను. డబ్బాలు మోసుకొచ్చింది వాడే. కొనమన్నది నేను. అటక మీద కట్టలున్నాయి కదా నాన్నా అని వాడు అడిగాడు కూడా. పట్నం నుంచి వచ్చేవాళ్ళకి ఆకులేమిటి, మర్యాదగా ఉండదు అన్నాను. పట్నం నుంచి ఎవరూ రారని నాకు తెలుసు.

వదినకి ఇదంతా చెప్పలేదు. చెప్పకుండానే ఆవిడ నిచ్చెన తెచ్చి గోడకి ఆనించింది.

"దించు."

"అవి అయిపోతే మరి లేవు వదినా."

"ఉంచుకుని ఏటి సేత్తావు? సెద పడతాది."

దించాను. పైకట్టలో ఆకులు ఎండి గోధుమరంగుకి తిరిగాయి. కుట్టు ఎక్కడా ఊడలేదు. చివర పుల్ల తుంచేటప్పుడు మా ఆవిడ పంటితో కొరికేది, ఆ కొరుకు గుర్తులు కొన్ని పుల్లల మీద ఉన్నాయి. వదిన నీళ్ళు చిలకరించి తడిబట్ట కింద పెట్టింది, మెత్తబడడానికి.

మర్నాడు మా వీధివాళ్ళని మాత్రం పిలిచాం. సామబియ్యం అన్నం, కందిపప్పు, గుమ్మడికాయ పులుసు. వేడన్నం పడగానే ఆకు వాసన లేచింది. ఎదురింటి ముసలామె చెయ్యి కడుక్కుంటూ, "మనం ఆకులు కిందికమ్మీసి కాయితాలు కొనుక్కుంతన్నాం, మనంత తెలివైనోలు ఎవురు," అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఊళ్ళో జరిగిన పెళ్ళికి మళ్ళీ పచ్చ ప్లేట్లే వచ్చాయి. కొందరు మాత్రం ఇంటి నుంచి కంచం పట్టుకెళ్ళారు. నేనూ పట్టుకెళ్ళాను. అందరూ మానేశారని రాయగలను గానీ, వదిన ఎవరిచేతనైనా ఇది చదివించుకుంటే ఊరుకోదు.

విస్తళ్ళు పాత చోటనే పోగు పెట్టాం. వానలు వెనకబట్టాయి, ఎలా మట్టవుతాయని నా భయం. వదిన రోజూ కుండతో నీళ్ళు తెచ్చి పోసింది. చెద పట్టింది. ఎర్రమట్టి గూళ్ళు ఆకుల మీదికి పాకాయి. కొన్నాళ్ళకి చెయ్యి పెడితే ఆకు ఆకులా లేదు, పొడిలా రాలింది. వదిన పిడికెడు తీసి, వాసన చూసి, కొంగున కట్టుకుంది.

అబ్బాయి జీపు ఎక్కించాడు.

"ఎల్తాను మరిదీ. సేను కోసీసి కబురెడతాను. తిండి మానకు."

"అలాగే వదినా."

జీపు మలుపు తిరిగింది. ఏడ్చాననుకుంటారేమో. నేనూ ఏడుస్తాననుకునే అక్కడ నిలబడ్డాను. దుమ్ము అణిగేదాకా చూశాను, ఏడుపు రాలేదు. పోగు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. చెదపురుగులు ఇంకా పనిలోనే ఉన్నాయి. అక్కడ మా ఆవిడ ఉందా, ఊరు దాటిపోయిందా అని ఆలోచించాలనుకున్నాను, ఆలోచన సాగలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆకలేసింది. ఇంటికి వెళ్ళి, కుండలో మిగిలిన అంబలి పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని ఒక గుక్క తాగాను. ఉప్పు తక్కువైంది. లేచి వేసుకున్నాను.