బండెక్కని మెకానిక్

మా గల్లీలో సిద్దిరాములు గురించి తిరుగుతున్న మాట అబద్ధం. భిక్నూర్ దగ్గర పెద్ద రోడ్డు మీద ఎవరినో గుద్ది పారిపోయి వచ్చాడని, పోలీసులకు దొరుకుతాననే భయంతోనే బండెక్కడం మానేశాడని మంగవ్వ చెబుతుంది. మంగవ్వ చెప్పిందంటే మాతో కూర్చుని బీడీలు చుట్టే వాళ్ళంతా చెబుతారు. వాళ్ళు ఇళ్ళకు పోయి మొగుళ్ళకు చెబుతారు. మొగుళ్ళు హోటల్‌లో చెబుతారు. నేను ఎల్లారెడ్డి దాకా పోయి అసలు సంగతి కనుక్కుని వచ్చాను కాబట్టి, ఎవరికీ అనుమానం లేకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను.

సిద్దిరాములు మోటారు సైకిళ్ళ మెకానిక్. కామారెడ్డిలో మా ఇంటికి ఎదురుగానే అతని షెడ్డు. మా అరుగు మీద చాట పెట్టుకుని కూర్చుంటే, అతను ఏ బండికి ఏ నట్టు విప్పుతున్నాడో కూడా నాకు కనిపిస్తుంది. బండి బాగు చేస్తాడు, స్టార్టు చేస్తాడు, వంగి చెవి పెట్టి వింటాడు. అంతే, బండి మాత్రం ఎక్కడు. "మీరే ఒక రౌండ్ తిప్పుకొని రాండ్రి" అని గిరాకీ చేతికే తాళం ఇస్తాడు. పక్క వీధి నుంచి బండి తేవాల్సి వస్తే ఎండలో తోసుకుంటూ తెస్తాడు. మెకానిక్ అన్నవాడు ట్రయల్ కొట్టకపోతే ఎట్లా? కూర వండి ఉప్పు చూడకుండా వడ్డించినట్టు ఉంటుంది. గిరాకీలకు అనుమానం రాక ఏం చేస్తుంది?

"మనిషి పానం తీసినోడు మళ్ల బండెక్కుతడా?" అంది మంగవ్వ ఒకరోజు, తునికాకు కత్తిరిస్తూ.

"నువ్వు చూసినవా?" అన్నాను.

"నేనెందుకు చూస్త? భిక్నూర్ల మా చెల్లె మొగడు చూసిండు."

"ఏం చూసిండు?"

"రోడ్డు మీద నెత్తురు చూసిండు."

"నెత్తురు మీద సిద్దిరాములు పేరు రాసున్నదానే?"

మంగవ్వ మూతి తిప్పుకుంది. "నీకు అన్నీ కావాలె గంగామణక్కా. ఎవ్వడు ఎందుకు దగ్గిండో గూడ కావాలె నీకు."

కావాలి మరి. ఎదురింట్లో ఒక మనిషి దగ్గుతుంటే ఎందుకని అడగకుండా ఎట్లా ఉంటాం?

సిద్దిరాములు పుట్టింది ఎల్లారెడ్డిలో. భిక్నూర్ సిద్దిరామేశ్వరుడికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. తండ్రి ముఖం అతనికి గుర్తు లేదు. తల్లి కూడా మా లాగే బీడీలు చుట్టి పెంచింది. ఆమె పోయాక 2009లో కామారెడ్డి వచ్చి, రేకులు వేసుకుని షెడ్డు పెట్టాడు. రాత్రికి అందులోనే పడక. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్ళు లేరు. పెండ్లి మాట ఎత్తితే "నాకెవరిస్తరవ్వా" అని నవ్వేవాడు.

నా అనేవాడు ఒక్కడే ఉండేవాడు, నగేశ్. ఇద్దరూ ఎల్లారెడ్డి బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. నగేశ్‌కు హైదరాబాద్‌లో కంప్యూటర్ కొలువు దొరికింది. మరుసటి ఏడాది ఒక పెద్ద బండి కొన్నాడు. హైదరాబాద్‌లో అన్ని షాపులు ఉండగా, సర్వీసింగుకు దాన్ని ఇంత దూరం సిద్దిరాములు దగ్గరికే తెచ్చేవాడు. గల్లీ మలుపులో దాని చప్పుడు వినిపించగానే సిద్దిరాములు చేతిలో పానా ఎక్కడిదక్కడ వదిలేసి లేచేవాడు. ఆదివారాలు ఇద్దరూ నిజాంసాగర్ పోయి కట్ట దగ్గర చేపల వేపుడు తినేవాళ్ళు. సిద్దిరాములు నాకూ ఇస్తరాకులో కట్టి తెచ్చేవాడు. "అవ్వా, ముండ్లు చూసుకొని తిను. పండ్లు లేవాయె నీకు" అని ఎక్కిరించేవాడు. అప్పట్లో అతని నోరు అంత చలాకీగా ఉండేది.

2012లో వానలు తగ్గాక ఇద్దరూ కలిసి మద్రాసు దిక్కు పోయారు. తిరిగి వచ్చింది మాత్రం ఒక్కడే. మోచేతికి కట్టు, చెంప మీద గీరుకుపోయిన గాయం.

"ఏమైంది బిడ్డా?"

"జారి పడ్డ అవ్వా."

"ఎక్కడ?"

"దూరం."

"నగేశ్ ఏడి?"

"ఉన్నడు" అన్నాడు. లోపలికి పోయి రేకు తలుపు వేసుకున్నాడు.

ఎన్ని రకాలుగా అడిగినా అంతకుమించి మాట రాలేదు. నేను అడిగీ అడిగీ అలిసిపోయిన మనిషి ఈ గల్లీలో అతనొక్కడే. ఆ రోజు నుంచి అతను బండెక్కలేదు. తన పాత బండి మీద గోనెసంచి కప్పి మూలకు తోశాడు. నగేశ్ బండి చప్పుడు మళ్ళీ మా మలుపులో వినిపించలేదు.

ఫోను మాత్రం మోగేది. సాయంత్రం పనిముట్ల డబ్బా మీద పెట్టిన ఫోను మోగుతుంటే, సిద్దిరాములు చేతులు తుడుచుకుని దాని ముందు నిలబడేవాడు. ఎత్తుతాడేమో అనుకునేదాన్ని. ఎత్తడు. అది మోగి మోగి ఆగేదాకా చూస్తూ నిలబడేవాడు. ఆగాక కూడా కాసేపు అక్కడే.

"ఎవరు బిడ్డా, ఎత్తరాదు?" అని అరుగు మీద నుంచే అరిచేదాన్ని.

"ఎవరు కాదవ్వా. కంపెనీ ఫోను."

కంపెనీ వాళ్ళ ఫోనును ఎవరైనా అట్లా చూస్తారా?

మధ్యాహ్నం గోడ వైపు ముఖం పెట్టి అన్నం తినేవాడు. నేను పంపిన కూర గిన్నె కడిగి, నేను లోపల ఉన్న వేళ చూసి అరుగు మీద పెట్టి పోయేవాడు. రోజూ నాకు అతని వీపే కనిపించేది. చూడకుండా పోదామంటే, ఎదురుగానే ఉండేది.

ఇట్లా రెండేళ్ళు గడిచాయి. మొన్న దసరా ముందు ఒక రైతు వచ్చి, సగం విప్పి ఉన్న తన బండిని ఉన్నపళంగా ఇమ్మన్నాడు. "ఖూనీ చేసినోని చేతిల నా బండెందుకు?" అని ముఖం మీదే అన్నాడు. సిద్దిరాములు విప్పిన సామాన్లన్నీ సంచిలో వేసి, సంచి మూతి కట్టి చేతికిచ్చాడు. అప్పుడే నేను చాట పక్కన పెట్టి లేచాను. ఎల్లారెడ్డిలో మా ఆడబిడ్డ ఇల్లు ఉంది. బతుకమ్మ పండుగకు పోతున్నానని కోడలికి చెప్పి బస్సెక్కాను. పండుగకు నగేశ్ ఇంటికి వచ్చి ఉంటాడని నా లెక్క.

నగేశ్ తల్లి శాంతవ్వ వాకిట్లో తంగేడు పూలు సర్దుతోంది. సిద్దిరాములు ఎదురింటి దాన్నని చెప్పగానే ఆమె ముఖం మాడింది.

"వాని పేరు ఎత్తకు. నా చేతి అన్నం తిని పెరిగిండు. నా కొడుకు మంచంల పడ్డ కాణ్నుంచి గడప తొక్కలే."

"అమ్మా, ఊకో" అంటూ నగేశ్ లోపలి నుంచి వచ్చాడు. ఎడమ కాలు ఈడుస్తూ వచ్చాడు. నన్ను గుర్తుపట్టి, "చేపలవ్వా, నువ్వా!" అన్నాడు.

భిక్నూర్ రోడ్డు మీద ఏమీ జరగలేదు. జరిగింది మద్రాసు అవతల, బండ్లు తిప్పుకోవడానికే కట్టిన ఒక ట్రాకు మీద.

"రేసా?" అన్నాను.

"రేసు కాదవ్వా. గెలుచుడు ఓడుడు ఉండదు. ఎవని బండి వాడు తెచ్చుకొని పొద్దంత తిప్పుకుంటడు. ఎదురు బండి రాదు, బర్రె అడ్డం రాదు."

"తిప్పుకుంట ఎక్కడికి పోతరు?"

"ఎక్కడికి పోరు. సుట్టు తిరిగి మళ్ల అక్కడికే వస్తరు."

"గంత దూరం పోయి?"

శాంతవ్వ అందుకుంది. "గదే నేను అడిగితె నాకేం తెలవదంటడు!"

నగేశ్ నవ్వాడు. సిద్దిరాములు కూడా ఒకసారి తిరగాలని, తెలిసిన దోస్తు బండి అడిగి ఇప్పించాడట. పైనుంచి కింది దాకా తోలు బట్టలు తొడిగితే, "బొంతల సుట్టిన పసిపిల్లగాని లెక్క కనబడ్డడవ్వా" అన్నాడు. పొద్దున్నే అందరినీ నిలబెట్టి అక్కడి పద్ధతి చెప్పారు. వెనుక ఎవరు ఎంత వేగంగా వచ్చినా ముందున్నవాడు తిరిగి చూడకూడదు, పక్కకు జరగకూడదు. తన దారిన తాను పోతూనే ఉండాలి. తప్పించుకుని దాటడం వెనుకవాడి పూచీ. మలుపులో బయటి వైపు నుంచి ఎవరూ దాటకూడదు. సిద్దిరాములు అన్నీ విన్నాడు. టిఫిన్ తినేటప్పుడు నగేశ్‌కే తిరిగి అప్పజెప్పాడు కూడా.

మధ్యాహ్నం తర్వాత ఇద్దరూ ఒకే జట్టులో తిరుగుతున్నారు. కుడి చేతి మలుపు వచ్చింది. ముందు సిద్దిరాములు, వెనుక నగేశ్. సిద్దిరాములు కుడికి ఒరగడం చూసి, మలుపుకు బయటి వైపు, ఎడమ పక్క ఖాళీ అయిందని నగేశ్ బండి ఉరికించాడు. సిద్దిరాములు చెవిన ఆ చప్పుడు పడింది. ఒరిగిన బండిని లేపి, ఎడమకు జరిగాడు.

"ఎందుకు జరిగిండు? జరగొద్దన్నరు గదా?"

"సైడిచ్చిండవ్వా" అన్నాడు నగేశ్.

నేనూ శాంతవ్వా ముఖాలు చూసుకున్నాం. మా కామారెడ్డి, ఎల్లారెడ్డి రోడ్డు ఎట్లా ఉంటుందో తెలిసిందే. వెనుక బస్సు హారన్ కొడితే, బండివాడు డాంబరు దిగి ఎడమన మట్టిలోకి పోవాలి. సైకిల్ నేర్చుకునే రోజుల నుంచీ అదే అలవాటు. దిగకపోతే డ్రైవర్ తిడతాడు, బస్సులో ఉన్న మేమూ తిడతాం. వెనుకవాడికి తొవ్వ ఇవ్వడం మర్యాద. ఆ మర్యాదే నగేశ్ చక్రానికి అడ్డం పడింది. రెండు బండ్లూ తగిలాయి, ఇద్దరూ పడ్డారు. నగేశ్ కాలు తన బండి కిందే చిక్కుకుని తొడ ఎముక విరిగింది.

"అక్కడోళ్ళు తప్పు నాదే అన్నరు. బయటి నుంచి దాటుడు నాదే తప్పు. అది నిజమే అవ్వా" అన్నాడు నగేశ్. "దవాఖానల నా పక్కనే కూసున్నడు. మాట్లాడలే. నేను ఇంటికొచ్చినంక ఒక్కసారి ఫోన్ ఎత్తిండు. గంతే. రెండేండ్ల సంది చేస్తున్న. కాలు గూడ జెర బాగైంది గని, వీన్ని మాట్లాడిపిచ్చుడు నాతోని కాలే. ఇగ నేను చెయ్యనవ్వా. నువ్వొక్కపారి అడుగు. నా మీద కోపమైతే కోపమని చెప్పుమను, ఊకుంట."

శాంతవ్వ పూల గంప వైపు తిరిగి కూర్చుంది. నేను లేచేటప్పుడు మాత్రం, "తింటున్నడా సక్కగ?" అని అడిగింది.

కామారెడ్డిలో బస్సు దిగి ఇంటికి కూడా పోలేదు, నేరుగా షెడ్డులోకి పోయి పీట లాక్కుని కూర్చున్నాను. సిద్దిరాములు ఏదో గొలుసు కిరసనాయిల్‌లో కడుగుతున్నాడు.

"ఎల్లారెడ్డి పోయొచ్చిన" అన్నాను.

అతని చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి. "ఎట్లున్నడు?"

"నడుస్తున్నడు. జెర ఈడుస్తున్నడు."

"మెట్లెక్కుతడా?"

"మెల్లగ ఎక్కుతడంట."

"కాల్ల ఏసిన రాడ్డు తీసిండ్రా?"

"తియ్యలే. బాధ పెడుతలేదట." అతను ఇంకేదో అడగబోతుంటే ఆపాను. "అన్నీ నన్నడుగుతవేందిరా? వాడే ఫోను చేస్తడు గద, వాన్నే అడగరాదు? తప్పు నీది కాదని వాడే చెప్పిండు. అక్కడోళ్ళు గూడ చెప్పిండ్రట. మరి బండెందుకు ఎక్కవు?"

"ఎనుక హారన్ ఇనబడితె చేతులు వాటంతల అవే పక్కకు గుంజుతయి అవ్వా. ఆపుదమంటె ఆగుతలేవు."

"సరే, ఎక్కకు. బండెక్కకపోతె సచ్చిపోం. ఫోనుకేమైంది? వాని మీద కోపమా?"

"వాని మీద నాకు కోపమేందవ్వా!" గొలుసు గిన్నెలో పడిపోయింది.

"మరి? ఇగ చెయ్యనంటున్నడు వాడు. ఇదే ఆఖరంట. నాకు సీదా చెప్పు, ఎందుకు ఎత్తవు?"

సిద్దిరాములు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. వేళ్ళ సందుల్లో నల్లగా ఉన్నదంతా పోయేదాకా తుడుచుకున్నాడు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి గోడ వైపు కాకుండా నా వైపు తిరిగాడు.

"ఎత్తితె వాడు తప్పు నాదేరా అంటడవ్వా. ఒక్కసారి ఎత్తినప్పుడు గదే అన్నడు. ఊఁ అనుమంటడు నన్ను. కాలిరిగింది వానికాయె. తప్పు గూడ వానిదే అని నా నోటితోని నేనెట్ల ఊఁ అనాలె?"