సుజాత వేళ్లు చదివిన పాఠాలు

2025 అక్టోబరు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒక ఆఫీసులో లినక్స్ సర్వర్లు చూసుకునే సిస్టమ్ అడ్మిన్‌గా నాకది పద్దెనిమిదో ఏడు. అప్పటికి ఎన్నో మైగ్రేషన్లు చేశాను. మైగ్రేషన్ అంటే ఒక కంప్యూటర్లో సాగుతున్న పనిని ఏమీ పోకుండా మరో వ్యవస్థలోకి మార్చడం. వాటిలో బాగా గుర్తుండిపోయింది మాత్రం మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద జరిగినది.

మా ఆవిడ సుజాతది ఒంగోలు. పెళ్లికి ముందు నాలుగేళ్లు అక్కడ ఒక డీటీపీ సెంటర్లో పెళ్లిపత్రికలు, కరపత్రాలు టైపు చేసింది. ఇక్కడ ప్రతి శనివారం కమ్యూనిటీ హాల్లో మనవాళ్ల పిల్లలకు తెలుగు చెబుతుంది. పాఠాలన్నీ తనే రాసి, టైపు చేసి, ప్రింట్లు తీసి పంచుతుంది. ఆరేళ్ల పాఠాలు ఆమె లాప్‌టాప్‌లో ఉన్నాయి. అందులోని పాత విండోస్‌కు ఆ నెలతో అప్‌డేట్లు ఆగిపోతాయి. కొత్తది ఎక్కించుకునే ఓపిక ఆ లాప్‌టాప్‌కు లేదు. పనిచేసే యంత్రాన్ని పారేయడమంటే నాకు ఒళ్లుమంట. విండోస్‌ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేస్తానన్నాను.

"నాకవన్నీ తెలవ్వండీ. నా పాఠాలు పోకుండా ఉంటే చాలు," అంది.

"ఉన్నవి నాలుగు ఫైళ్లు. అసలు మారినట్టే నీకు తెలీదు చూడు," అన్నాను. అప్పటి నా ధీమా తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

గురువారం నాకు సెలవు. తనను ఇంకేమీ అడక్కుండా, తను కూరగాయలకు వెళ్లొచ్చేలోపు డాక్యుమెంట్ల ఫోల్డర్ కాపీ చేసి, డిస్క్ తుడిచేసి, లినక్స్ ఎక్కించాను. వాల్‌పేపర్ కూడా పాతదే పెట్టి తెగ మురిసిపోయాను.

శుక్రవారం ఇంటి నుంచే పని. మధ్యాహ్నం మర్నాటి పాఠం ప్రింట్ తీయబోయిన సుజాత పిలిచింది.

"ఏవండీ, ఏందిది?"

తెలుగు పాఠం ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, సెమీకోలన్లు కలగాపులగంగా ఉన్నాయి. ఏ ఫైలు తెరిచినా అంతే. సంగతి అప్పుడు అర్థమైంది. నేటి కంప్యూటర్లు, ఫోన్లు తెలుగును దాచేది యూనికోడ్‌లో. అందులో 'క' ఎక్కడైనా 'క'నే. సుజాత వాడేది డీటీపీ రోజుల నాటి పాత ఫాంట్. అందులో ఫైల్లో నిజంగా ఉండేవి ఇంగ్లీషు కీలే, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంట్. నేను ఫైళ్లు తెచ్చాను, ఫాంట్ వదిలేశాను. తుడిచిన డిస్క్‌తో పాటు అదీ పోయింది. దాని సీడీ ఇల్లు మారినప్పుడే పోయింది. మొత్తం డిస్క్‌కు నకలు తీయకుండా ఆఫీసులో ఎవరైనా ఈ పని చేసి ఉంటే నేనే చెడామడా తిట్టేవాణ్ణి.

"ఆరేళ్ల పనండీ," అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

నెట్‌లో దొరికిన పాత ఫాంట్లన్నీ వేసి చూశాను. ఒక్కటీ కలవలేదు. ఇక చేసేదేమీ లేక తల పట్టుకున్నాను. అప్పుడు తను కుర్చీ ముందుకు లాక్కుని, వేళ్లు కీబోర్డు మీద నొక్కకుండా ఆనించి, స్క్రీన్ వైపు చూస్తూ మెల్లగా చదవసాగింది.

"చిట్టి... చీమ... చెట్టు... ఎక్కింది."

"ఎలా చదివావు?"

"చదవలా. ఆ గుర్తుకి ఏ వేలు పడిద్దో చూస్తన్నా. ఆ వేలు కొట్టే అక్షరం నాకు తెలుసుగా."

గబగబా కాగితం తీశాను. తను ఒక్కో కీ, దాని అక్షరం చెబుతుంటే పట్టిక రాసుకున్నాను. ఆ పట్టికతో ఫైళ్లన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం రాశాను. మొదటిసారి వత్తులన్నీ పక్క అక్షరాల కింద పడ్డాయి. నేను గమనించనైనా లేదు.

"మా ఫాంట్‌లో వత్తు ఆఖర్న కొడతాం. అక్షరం, గుణింతం, ఆ తర్వాతే వత్తు. ఆ వరస మార్చండి," అంది. యూనికోడ్‌లో వత్తు గుణింతం కంటే ముందు రావాలి. నేను సరేనంటూ మార్చాను. అలా అరడజను సార్లు తను తప్పు పట్టడం, నేను దిద్దడం. వంటవేళకు ఆరేళ్ల పాఠాలూ తిరిగొచ్చాయి. అవి ఇప్పుడు ఫోన్లోనూ తెరుచుకుంటాయి. పాత కీలే నొక్కినా యూనికోడ్ తెలుగు వచ్చేలా కీబోర్డు కూడా అమర్చాను. సరిచూడమంటే ఆమె టకటకా కొట్టిన మొదటి వాక్యం: "అడక్కుండా ఎవరి వస్తువునూ ముట్టుకోరాదు." మర్నాడు పిల్లలకు డిక్టేషన్ కూడా అదే ఇచ్చింది. పదకొండుమంది బుద్ధిగా రాసుకున్నారు. హాల్లో కుర్చీలు సర్దుతూ నేను నవ్వుకున్నాను.

ఇప్పుడు ఎవరి యంత్రం మార్చాలన్నా, ముందు ఒక పూట వాళ్ల పక్కన కూర్చుని ఏం చేస్తున్నారో చూస్తాను. ఫైళ్ల జాబితా ఆ తర్వాతే. ఈ పద్ధతి నేను ఎప్పుడో నేర్చుకుని ఉండాల్సింది. ఆరేళ్లుగా ఆ టేబుల్ దగ్గరే ఆమె పాఠాలు టైపు చేస్తుంటే ఎదురుగా కూర్చుని టీ తాగాను. ఒక్కసారైనా లేచి అటువైపు వెళ్లి చూడలేదు.