తడి బురద రంగు

పోయిన వారం బందరు నుంచి ఒక పాస్టరుగారు ఫోన్ చేసి, మా తమ్ముడి చేత తమ మందిరం గోడ మీద సముద్రం బొమ్మ వేయించగలనా అని అడిగారు. "ప్రార్థన చేసి చెబుతానండీ" అన్నాను. ఆ ప్రార్థన ఇంకా చేయలేదు.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. పుట్టింది దివిసీమలో, సముద్రం దగ్గరి పల్లెలో. చదువు గుడివాడలో మా ఇంట్లో, ఆ పైన హైదరాబాదులో బొమ్మల కాలేజీ. పల్లెకు సెలవుల్లోనే వెళ్ళేవాడు. పడవెక్కితే వాంతులు, ఒడ్డున కూర్చోబెడితే మాత్రం నీళ్ళలో పన్నెండు రంగులు చూపించేవాడు. చేపల వేటకు వెళ్ళే బాబాయి, "మావోడు చేపను పట్టడమ్మా, దాని మీద మెరుపును పడతాడు" అని నవ్వేవాడు.

ఒక వేసవిలో గుడివాడలో మా సంఘ మందిరం గోడ మీద, ప్రభువు గద్దించాక నిమ్మళించిన సముద్రాన్ని వేశాడు. వేట నిషేధం రోజులు కనుక ఆదివారం ఆరాధనకు బాబాయీ వచ్చాడు. తెర తీయగానే అందరం హల్లెలూయా అన్నాం. నేను కళ్ళు కూడా తుడుచుకున్నాను. అలలు లేవు. నీళ్ళు ఎక్కడో సన్నని గీతలా ఉన్నాయి. ముందంతా ఎర్రటి వెలుగులో మెరిసే తడి బురద.

బాబాయి లేచి నిలబడ్డాడు.

"ఇది ఎక్కడ చూశావురా?"

"మడ అడవి అవతల, ఏరు సముద్రంలో కలిసేచోట. నిన్న తెల్లారగట్ట. ఆ రంగు కళ్ళలోంచి పోకముందే బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా కూర్చుని వేశాను నాన్నా."

"నీళ్ళు అంత దూరం లాగేస్తే నువ్వు రంగు చూశావా? లాగిన నీళ్ళు ఊరికే ఉంటయ్యా? నేడో రేపో మీద పడతయ్యిరా! ఒక్కడికన్నా చెప్పావా?"

వాడు ఎవరికీ చెప్పలేదు. వేట లేదు కనుక ఆ వైపు ఇంకెవరూ వెళ్ళలేదు.

బాబాయి వసారాలోకి వెళ్ళి పిన్నికి ఫోన్ చేశాడు. ఆవిడ గొంతు నాకూ వినిపించింది. "ఇక్కడ ఎండ మాడ్చేస్తంటే నీళ్ళంటావేందయ్యా? గుళ్ళో కునుకు తీసి కల గన్నావా? ఇప్పుడే వడియాలు పెట్టా."

"వడియాల్ని తగలెయ్యి! అందర్నీ తీసుకుని బడి మేడెక్కు!"

పిన్ని తిట్టుకుంటూనే ఇల్లిల్లూ తట్టి జనాన్ని మేడ ఎక్కించింది. చివరివాళ్ళు మెట్లెక్కుతుండగానే, గాలీ వానా లేకుండా, ఎక్కడో దూరాన లేచిన ఉప్పెనతో సముద్రం ఊళ్ళోకి వచ్చింది. పక్కింటి మామ్మ మంచం పట్టిన మనిషి. ఆవిడను మోసుకురావడానికి నలుగురు తిరిగి వెళ్ళేసరికి దారి లేదు, ఆవిడ దక్కలేదు.

బతికినవాళ్ళ కోసం ఇప్పటికీ మోకాళ్ళూని స్తోత్రం చెబుతాను. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోతాను. మా వాడు బురద రంగు కలుపుకుంటూ కూర్చున్న ఆ శనివారంలో, మామ్మను మేడ మీదికి చేర్చడానికి ఒక్క గంట చాలేది.