పెద్దమ్మ ప్రార్థించిన కర్వాని కుక్క

ఆ రోజుల్లో మా మెట్‌పల్లి వాడలో ఒక ఇంటి మర్యాద ఆ ఇంటి కుక్క పొట్టను చూస్తే తెలిసిపోయేది. కుక్క గుండ్రంగా ఉంటే ఇంటివాళ్ళు మంచివాళ్ళు, డొక్కలు కనిపిస్తే పిసినారులు. అలాంటి వాడలోకి మా భైంసా మామ ఒక కర్వాని కుక్కపిల్లను (పిల్ల అనడమే గానీ నా నడుము దాకా ఉండేది) తెచ్చి నాకిచ్చాడు. అప్పుడు నేను ఇంటర్. "ఎప్పుడో ఒంటె బిడారుల వెంట వచ్చిన జాతిరా అల్లుడా. ముక్కుతోటి గాదు, కన్నుతోటి వేటాడ్తది. పరాయోళ్ళను ముట్టనియ్యది, గదుమితే అలుగుతది. డొక్కలు కనవడాలె, గదే దాని ఆరోగ్యం. ఒళ్ళు జేస్తే కీళ్ళు పోతయ్. జాతర పందెంల గెలిస్తే నీదే, లేకుంటే వాపస్ తీస్కపోత," అన్నాడు. నేను దానికి మెరుపు అని పేరు పెట్టేసి, అది నాదే అనుకున్నాను.

రెండు మూడు రోజులకే గుసగుసలు మొదలయ్యాయి. "నౌకరి ఉన్న ఇల్లేనాయె, కుక్కకింత బువ్వ వెయ్యరా?" అన్న మాట అవ్వ (మా అమ్మను అలాగే పిలిచేవాణ్ని) చెవిన పడింది. పాపం, అవ్వకు తల కొట్టేసినట్టయింది. మా చర్చివాళ్ళు వారానికో ఇంట్లో కూడి ప్రార్థన చేసేవారు. ఆ వారం వంతు మాది. సంఘంలో అందరికంటే పెద్దగొంతు మా పెద్దమ్మది. "ప్రభువా, గీ ఇంట్ల మూగజీవి కడుపు జూడు తండ్రీ," అని మొదలుపెట్టి, ఆమెన్ అనగానే కొంగు చాటు నుంచి గిన్నెడు మటన్ బువ్వ తీసి మెరుపు ముందు పెట్టింది.

"పెద్దమ్మా, దీని జాతే గంత!" అని లబోదిబోమన్నాను.

"ఏ జాతైతేంది బిడ్డా, ఆకలి ఆకలే. నువ్ ఫికర్ జెయ్యకు."

ఇక ఏ ఇంట్లో ప్రార్థన జరిగినా ఇదే తంతు. పరాయివాళ్ళను దగ్గరకు రానివ్వని నా మెరుపు, ఆమెన్ వినబడితే చాలు, ఏ మూలనున్నా వచ్చి పెద్దమ్మ ఒడిలో వాలేది. పశువుల డాక్టరు దాన్ని తడిమి, "గిది వేటకుక్కనా, పాడిబర్రెనా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అవ్వ కాళ్ళావేళ్ళా పడి దాన్ని ప్రార్థనలకు దూరంగా ఉంచి, రోజూ కాలువ గట్టున పరుగెత్తించి, ఎలాగో జాతర నాటికి డొక్కలు తేల్చాను.

జాతరకు పెద్దమ్మ కూడా జీపెక్కింది. (వద్దనే ధైర్యం బాపుకే లేదు.) మోటారుసైకిలుకు కట్టిన బొమ్మ కుందేలు వెంట కుక్కలన్నీ ఉరికాయి. నా మెరుపు అన్నిటికంటే ముందు! అంత అందమైన పరుగు నేను మళ్ళీ చూడలేదు. సరిగ్గా అప్పుడే, కళ్ళు మూసుకుని గెలుపు కోసం ప్రార్థిస్తున్న పెద్దమ్మ, మైదానం దద్దరిల్లేలా "ఆమెన్!" అంది.

మెరుపు ఠక్కున ఆగింది. చెవులు రిక్కించింది. వెనక్కి తిరిగి, అదే వేగంతో దుమ్ము రేపుకుంటూ వచ్చి పెద్దమ్మ ఒడిలో వాలింది.

"ఉరికింది గద మామా!" అన్నాను ఏడుస్తూ.

"ఉరికింది అల్లుడా. ఎటు ఉరికిందో గూడ జూడాలె గద," అన్నాడు మామ. ఆ సాయంత్రమే దాన్ని తీసుకుపోయాడు. "నా నోరు పాడుగాను," అని పెద్దమ్మ నాకంటే ఎక్కువ ఏడ్చింది.

ఇప్పుడు నా పొట్టను చూసి వాడంతా మర్యాద చేస్తుంది. పెద్దమ్మ లేదు, ప్రార్థనలు మాత్రం ఇంటింటా జరుగుతూనే ఉన్నాయి. ఆమెన్ అనగానే అందరూ కళ్ళు తెరిచి చాయ్ కోసం వంటింటి వైపు చూస్తారు. ఇంత వయసొచ్చినా, నేను మాత్రం గుమ్మం వైపు చూస్తాను.